ఎయిర్‌బ్యాగులు కొనే ముందు ఆ తలుపు తెరిచి చూడు

చిరంజీవి అల్లుడికి,

ట్రైలర్ తగిలించగానే నీ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు వెనక కూలబడుతోందని ఫొటో పెట్టి, వెనక స్ప్రింగులకు తోడుగా వేసే గాలి తిత్తులు, అదే ఎయిర్‌బ్యాగులు, ఏ కంపెనీవి మంచివని అడిగావు. కంపెనీ సంగతి తర్వాత. ముందు డ్రైవర్ వైపు తలుపు తెరిచి, అక్కడ అంటించి ఉన్న పేలోడ్ స్టిక్కర్ చదువు. మనుషులు, సామాను, ట్రైలర్ మోపే బరువు అన్నీ కలిపి ట్రక్కు ఎంత మోయగలదో చెప్పే అంకె అది.

1,500 పౌండ్లని ఉందనుకుందాం. మీ నలుగురూ 650. వెనక బెడ్‌లో కూలర్, కుర్చీలు, సైకిళ్లు 200. ట్రైలర్ తగిలించే హిచ్ సామాను ఇంకో 100. మిగిలింది 550. ట్రైలర్ నిండా సర్దితే 6,000 అన్నావు. అందులో 10 నుంచి 15 శాతం, అంటే 600 నుంచి 900 దాకా హిచ్ బాల్ మీద, అంటే ట్రైలర్ కూర్చునే గుండు మీద, పడాలి. తగ్గిందా, ట్రైలర్ తోకాడిస్తుంది. చూశావా, తేడా లెక్కలోనే వచ్చింది. ఆ 200 ట్రైలర్‌లోకి, ఇరుసు మీద పడేలా మార్చినా చాలావరకు గట్టెక్కుతావు. ఎయిర్‌బ్యాగు వేస్తే వెనక లేస్తుంది, అంతే. ఇరుసూ బ్రేకులూ పాతవే కాబట్టి స్టిక్కర్ మీద అంకె మారదు.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న లారీ కమాన్ కట్టల్లో ఒక పట్టా ఎక్కువ వేయించేవారు. లోడుతో బాగానే ఉండేది, ఖాళీగా తిరిగొస్తే నడుం పడిపోయేది. ఇక్కడ అమెరికాలో యాడ్-ఎ-లీఫ్ అని అమ్మేది అదే. ఆఫీసుకి కూడా అదే ట్రక్కులో వెళ్లే నీకు అది వద్దు.

నేను చేసిన తప్పు కూడా చెబుతా. బ్యాగుల్లో గాలి నింపాను, బండి సమంగా నిలబడింది, మురిసిపోయి హైవే ఎక్కాను. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటేసరికి స్టీరింగ్ దూదిలా తేలిపోయింది. బ్యాగులు వెనక భాగాన్ని ఎత్తాయి గానీ, ముందు చక్రాల మీద తగ్గిన బరువును తిరిగి తేలేదు. మీ అత్త ఆ ట్రిప్పంతా నోరు విప్పలేదు.

ముందు చక్రాల మీదికి ఆ బరువును తిరిగి తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, స్ప్రింగ్ బార్లు ఉండే రకం. తగిలించక ముందు, ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేలకు ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి రాసుకో. తగిలించాక మళ్లీ కొలువు. లేచిన ఎత్తులో ఎంత దించాలో నీ ట్రక్కు మాన్యువల్‌లో ఉంటుంది, అంతవరకే బార్లు బిగించు.

అప్పటికీ వెనక కాస్త దిగినట్టుంటే బ్యాగులు వేసుకో. రెండిటికీ వేర్వేరు వాల్వులు పెట్టించు. ఒకే గొట్టానికి కలిపితే మలుపులో గాలి అటునుంచి ఇటు పారి బండి ఇంకా ఒరుగుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడూ కంపెనీ చెప్పిన కనీస గాలి, మామూలుగా 5 పీఎస్ఐ, ఉండాలి. గొట్టం సైలెన్సర్‌కి దూరంగా పోవాలి. జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడు. షాక్‌లు అరిగిపోతే మార్చు, అందులో ఆలోచించేదేం లేదు.

ఈ శనివారం కుటుంబంతో, సామానుతో, ట్రైలర్‌తో సహా ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్, అంటే బండ్లు తూచే కాటా, ఎక్కించు. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా వేసి చీటీ ఇస్తారు. దాని ఫొటో పంపు. అది చూశాక చెబుతా ఏ కంపెనీవి కొనాలో, అసలు కొనాలో వద్దో.

నీ మామయ్య