క్లాసిక్స్‌లో పరిశోధన చేస్తే ఒంటరితనం తప్పదా?

గ్రీకు, లాటిన్ మీద ఇష్టం ఉంది, కానీ క్లాసిక్స్ (ప్రాచీన గ్రీకు, లాటిన్ భాషలు, సాహిత్యం) విభాగంలో పీజీ, పీహెచ్‌డీ అంటే ఏళ్ల తరబడి లైబ్రరీలో ఒక్కరే కూర్చోవడమేనా అని అడిగారు. నేను ఎంఏ, ఆ తర్వాత పీహెచ్‌డీ అందులోనే చేశాను. ఒంటరిగా గడిపే గంటలు చాలానే ఉంటాయి. ఆ గంటల్ని భరించగలిగేలా చేసేది మాత్రం రీడింగ్ గ్రూప్. మీరు ఏ విభాగంలో చేరినా మొదటి వారంలోనే దాన్ని వెతుక్కోండి.

వారానికోసారి కొద్దిమంది కలిసి ఒక మూలగ్రంథం తీసుకుంటారు, వంతులవారీగా కొన్ని వాక్యాలు గట్టిగా చదివి అక్కడికక్కడే అర్థం చెబుతారు. మార్కులు ఉండవు, హాజరు ఉండదు, ప్రొఫెసర్ కూడా మనతో పాటే డిక్షనరీ తిరగేస్తారు. మేం ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్‌ను చదివినప్పుడు ఆయన రాసిన ప్రసంగాల దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతోనే సాయంత్రం గడిచిపోయేది. ఇలాంటి మూలగ్రంథాల అచ్చు ప్రతుల్లో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఏ రాతప్రతిలో ఏముందో, ఏ పండితుడు ఏ దిద్దుబాటు సూచించాడో ఇస్తారు. ఒక్కరే చదువుకునేటప్పుడు దాని జోలికి పోం. గ్రూపులో ఎవరో ఒకరు ఇక్కడ పాఠాంతరం ఉంది అనగానే అసలు చర్చ మొదలవుతుంది. శాసనాల మీద పనిచేసే అమ్మాయి అదే మాట ఏథెన్స్ రాళ్ల మీద ఎలా కనిపిస్తుందో చెబుతుంది, తత్వశాస్త్రం వాళ్లు వెంటనే ప్లేటో దగ్గరికి లాక్కెళ్తారు. నా థీసిస్‌లో నాకు బాగా నచ్చిన అధ్యాయం ఇలాంటి వాదన లోంచే పుట్టింది.

భాష అంతంతమాత్రంగా వచ్చినా వెళ్లండి, టెన్షన్ పడొద్దు. మూలం, ఇంగ్లీషు అనువాదం ఎదురెదురు పేజీల్లో ఉండే లోబ్ పుస్తకాలు (గ్రీకుకు ఆకుపచ్చ అట్ట, లాటిన్‌కు ఎరుపు) పక్కన పెట్టుకోవడంలో తప్పేం లేదు, కాకపోతే ముందు ఎడమ పేజీలోని మూలంతో కాసేపు కుస్తీ పట్టాకే కుడి పేజీలోని ఇంగ్లీషు చూడండి. జర్మన్, ఫ్రెంచ్ చదవడం మాత్రం వాయిదా వేయొద్దు, వ్యాఖ్యానాలు, పరిశోధనా వ్యాసాలు వాటిలో కూడా చాలా ఉంటాయి.

ఈ రంగంలో పనే ఒక్కరి చేతిమీదుగా అయ్యేది కాదు. 1894లో మొదలైన లాటిన్ మహానిఘంటువు పని మ్యూనిక్‌లో ఇంకా సాగుతూనే ఉంది. 1843లో మొదటిసారి అచ్చయిన లిడెల్, స్కాట్ గ్రీకు నిఘంటువును తర్వాతివాళ్లు సవరిస్తూ వచ్చారు, మేమంతా రోజూ దాన్నే తెరిచేవాళ్లం.

కష్టం ఎక్కడంటే థీసిస్ రాసే చివరి దశలో. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతుంది, తోటివాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటారు, శాశ్వత ఉద్యోగాలు చాలా తక్కువ. ఇది తెలిసే రండి. విద్యార్థులే నడుపుకునే సెమినార్ ఆ దశలో నాకు బాగా ఉపయోగపడింది, అక్కడ ప్రొఫెసర్లు ఉండరు కాబట్టి సగం రాసిన అధ్యాయాన్ని కూడా భయం లేకుండా చదివి వినిపించవచ్చు.

అప్లై చేసేముందు ర్యాంకింగ్‌ల కంటే ముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న పీహెచ్‌డీ విద్యార్థులకు మెయిల్ రాయండి. అందరూ కూర్చునే గది ఏదైనా ఉందా, గైడ్ అధ్యాయం చదివి తిరిగివ్వడానికి ఎన్నాళ్లు తీసుకుంటారు, కాన్ఫరెన్స్ ప్రయాణాలకు డబ్బు ఎవరిస్తారు, ఈ టర్మ్ గ్రూపులో ఏం చదువుతున్నారు అని అడగండి. వీలైతే ఒక వారం ఆన్‌లైన్‌లో కూర్చుని వింటామని కూడా అడిగి చూడండి, చాలామంది సంతోషంగా రమ్మంటారు.