రెండు పూటలా స్నానం చేసినా మధ్యాహ్నానికి చెమట కంపు ఎందుకు? ఏం చెయ్యాలి?

ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో బరంపురం వెళ్లి బట్టల షాపులో నిలబడే పని చేస్తున్నానన్నారు. రెండు పూటలా స్నానం చేసి డియో కొట్టుకున్నా మధ్యాహ్నానికి చంకల్లోంచి కంపు వస్తోందని, ఇంకా మంచి డియో పేరు చెప్పమని అడిగారు. డియో మారిస్తే పోయేది కాదిది.

చెమటకి తనంతట తనకి పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఊరే కాస్త జిడ్డు చెమటని చర్మం మీది బాక్టీరియా విరగ్గొట్టినప్పుడు కంపు పుడుతుంది. ఆ గ్రంథులు ఈడు వచ్చాకే పని మొదలుపెడతాయి, అందుకే చిన్నపిల్లలకి ఈ బాధ లేదు. మన సముద్రపు వార ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చెమట ఆరదు, బాక్టీరియాకి కావలసిందీ అదే. డియో ఆ వాసనని కప్పుతుంది, మహా అయితే బాక్టీరియాని కాస్త తగ్గిస్తుంది, చెమటని ఆపదు. ఆపేది యాంటీపెర్‌స్పిరెంట్. సీసా వెనక అల్యూమినియం క్లోరైడ్ లాంటి అల్యూమినియం లవణం పేరుంటేనే అది యాంటీపెర్‌స్పిరెంట్.

దాన్ని పొద్దున్నే స్నానం కాగానే, తడి ఆరకముందే రాస్తారు చాలామంది. అలా రాస్తే అది సరిగా పనిచెయ్యదు. రాత్రి పడుకునే ముందు రాయాలి. అప్పుడు చెమట తక్కువ, మందు చెమట రంధ్రాల్లోకి దిగి గట్టిపడి మూతలా కూర్చుంటుంది. పొద్దున కడిగేసినా ఆ మూత ఉంటుంది. మామూలు రకంతో లాభం లేకపోతే 10 నుంచి 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ లోషన్ మెడికల్ షాపులో అడగండి. మొదట వరసగా మూడు నాలుగు రాత్రులు పలచగా రాసి, చెమట తగ్గాక వారానికి ఒకటి రెండు సార్లకి దిగండి. మండిందంటే చర్మం తడిగా ఉందన్నమాట, తడి తగిలితే ఆ లవణంలోంచి ఆమ్లం పుడుతుంది. తువ్వాలుతో తుడిచాక అయిదు నిమిషాలు ఫ్యాన్ కింద ఆరనివ్వండి. చంకల్లో వెంట్రుకలు గీసుకున్న రోజున, మర్నాడు రాయొద్దు. వెంట్రుకలు పూర్తిగా గీసెయ్యక్కర్లేదు, కత్తెరతో పొట్టిగా కత్తిరించినా చెమట పట్టుకునే చోటు తగ్గుతుంది.

బాక్టీరియాని తగ్గించడానికి మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ పనికొస్తుంది. 2.5 శాతం చాలు. స్నానంలో చంకలకి రాసి రెండు మూడు నిమిషాలు ఉంచి బాగా కడిగెయ్యాలి, వారానికి రెండు మూడు సార్లు. రంగు బట్టకి తగిలితే తెల్లటి మచ్చ పడుతుంది, ఇక పోదు, కాబట్టి తెల్ల తువ్వాలే వాడండి. నిమ్మచెక్క రుద్దడం, తినే సోడా రాయడం వద్దు. నిమ్మరసం మీద ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది, సోడా క్షారం కాబట్టి చర్మాన్ని చెడగొడుతుంది. పటిక నయం, అదీ అల్యూమినియం లవణమే, కాకపోతే బలం తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి, మీ చొక్కా. షాపు యూనిఫాం పాలిస్టర్ అయితే కంపులో సగం దాంట్లోనే ఉంటుంది. పాలిస్టర్ జిడ్డుని పట్టుకుని ఒక్క ఉతుకుకి వదలదు. ఉతికిన చొక్కాకి ఇస్త్రీ పెట్టగానే చంక దగ్గర వాసన గుప్పుమందంటే ఉతుకు చాలలేదు. తిరగేసి, నాలుగు లీటర్ల నీళ్లలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, జాడించి, ఆపైన సర్ఫుతో ఉతకండి. వెనిగర్‌ని బ్లీచింగ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. బట్టలు మెత్తబడటానికి వేసే కంఫర్ట్ లాంటివి ఆపెయ్యండి, అవి బట్ట మీద పొరలా పట్టి జిడ్డుని లోపలే ఉంచేస్తాయి. వానాకాలం ఎండ లేనప్పుడు బట్టల్ని ఒకదాని మీద ఒకటి వెయ్యకుండా ఫ్యాన్ కింద దూరందూరంగా ఆరెయ్యండి, లేకపోతే ముక్కిన వాసన వేరేగా పడుతుంది. లోపల నూలు బనీను వేసుకుని, ఇంకొకటి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం చంకలు తడిగుడ్డతో తుడిచి, ఆరాక మార్చుకోండి. ఆడవాళ్లు జాకెట్టుకి నూలు లైనింగే వేయించుకోవాలి.

తిండి విషయంలో ఒకటే చెబుతాను. వెల్లుల్లి, మెంతులు, ఇంగువ వాసన చెమటలోకి వస్తుంది, రెండు వారాలు మానేసి చూడండి, తేడా లేకపోతే హాయిగా తినండి. ఎండుచేపలు, గుడ్లు తిన్నాక ఒంటి నుంచి, నోటి నుంచి, మూత్రంలో కూడా నీచు వాసన వస్తుంటే అది వేరే సంగతి. కొందరిలో ట్రైమిథైలమైన్ అనే పదార్థం శరీరంలో విరగక అలా అవుతుంది. అరుదు, కానీ సబ్బుతో పోదు. డాక్టరుకి చెప్పాల్సిందే.

గజ్జల్లో దురద, ఎర్రటి మచ్చ ఉంటే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు కొని రాయకండి, తామర ముదురుతుంది. పాదాల్లో చిన్న చిన్న గుంటలు పడి కంపు కొడుతుంటే అది బాక్టీరియా జబ్బు, పూత మందుతో తగ్గుతుంది. అప్పటిదాకా బూట్లు రెండు జతలుంచుకుని రోజు విడిచి రోజు వేసుకోండి.

ఎప్పుడూ లేని వాసన కొత్తగా మొదలైతే మాత్రం రక్తపరీక్ష చేయించండి. నోట్లోంచి పండిన పండులాంటి వాసన వస్తే షుగర్, మూత్రంలాంటి ఘాటు వాసన వస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. కవిటి, సోంపేట, పలాస వైపు వాళ్లకి ఈ రెండోది మరీ ముఖ్యం, ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువన్న సంగతి తెలిసిందే కదా. రాత్రిళ్లు పక్క తడిసేలా చెమట పడుతూ బరువు తగ్గుతుంటే టీబీ పరీక్ష.

నెల రోజులు ఇవన్నీ చేసినా తగ్గకపోతే మీకు దగ్గర బరంపురంలోని ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. ఆ రోజు చంకలకి ఏమీ రాయకుండా వెళ్లండి. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, సీసాలు మాత్రం ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని వెళ్లండి.