మూడు గడులు గీసుకో, అమ్మలూ

అమ్మలూ,

ఎమ్మే ఇంగ్లీషులో పాత బ్రిటిష్ సాహిత్యం పేపరు తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఉద్యోగానికి పనికొస్తుందా అక్కా" అని దాని దిగులు. నాకు మాత్రం గర్వంగానే ఉంది, కానీ గైడు కొంటావేమోనని భయం. కొన్నావంటే ఊరుకోను.

మామూలు సంగతులు ముందు. పక్క పేజీలో నేటి ఇంగ్లీషు ఉన్న ప్రతి తీసుకో. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల మిడిల్ ఇంగ్లీష్ డిక్షనరీ నెట్‌లో ఉచితం. పద్నాలుగో శతాబ్దపు కవి ఛాసర్‌ని పైకే చదువు. రోజుకు ఇరవై పాదాలు చాలు, అతని కాంటర్‌బరీ కథల ప్రోలోగ్ (ప్రవేశిక) 858 పాదాలు నెలన్నరలో అయిపోతాయి. మాట చివరి 'ఈ' (e) అక్షరాన్ని మింగేస్తే లయ కుంటుతుంది. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే మాత్రం అది లోపిస్తుంది. సంధులు నేర్చినదానివి, నీకదేం కష్టం కాదు.

అసలు విషయానికొస్తాను. ఈ పేపర్లో పిల్లలు ఏళ్లతరబడి చేస్తున్న తప్పు ఒకటుంది. చారిత్రక నేపథ్యం అనగానే ఒక్క కాలాన్ని పట్టుకుని వేలాడతారు. పాత ఇంగ్లీషు వీరకావ్యం బేవుల్ఫ్ చూడు. కథంతా డెన్మార్క్‌లో, దక్షిణ స్వీడన్‌లో జరుగుతుంది, ఇంగ్లండు ఊసే ఉండదు. వీరుడి మేనమామ హైగెలాక్ దండయాత్రకెళ్లి చనిపోతాడు. ఆ దాడి సంగతి టూర్స్ బిషప్పు గ్రెగరీ ఆరో శతాబ్దంలో రాసిన చరిత్రలో ఉంది. అంటే కథాకాలం 520 ప్రాంతం. కావ్యం కట్టింది ఎనిమిదో శతాబ్దంలోనా, ఇంకా తర్వాతా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మనకు దక్కిన ఒకే ఒక్క రాతప్రతి 1000 ప్రాంతానిది. కథలో మనుషులు క్రైస్తవం ఎరగరు, చెప్పే కవి క్రైస్తవుడు. ఆ రాతప్రతి రాసిన రోజుల్లో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, ఇంగ్లండు మీద పడి దోచుకుంటున్నారు. ఆ డేన్ల పూర్వులను పొగిడే కావ్యాన్ని అప్పుడెవరు, ఎందుకు రాయించుకున్నారు? అడగాల్సిన ప్రశ్న అది. "ఇందులో ఆంగ్లో-సాక్సన్ (తొలినాటి ఇంగ్లండు) సమాజం ప్రతిబింబిస్తుంది" అని తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. నన్నయ భారతంలో రాజమహేంద్రవరం వీధులు వెతుకుతామా? రాజరాజనరేంద్రుడికి ఆ కథే ఎందుకు కావాల్సొచ్చిందని అడుగుతాం.

అందుకే నోటుబుక్కులో ప్రతి రచనకీ మూడు గడులు గీయి: కథాకాలం, రచనాకాలం, రాతప్రతి కాలం. మూడోదాన్ని అందరూ ఖాళీగా వదిలేస్తారు. బేవుల్ఫ్ రాతప్రతి ఫొటోలు చూడు, 1939వ పాదంలో చేతిరాత మారుతుంది, రెండో లేఖకుడు అందుకుంటాడు. 1731లో లండన్‌లో ఆ రాతప్రతి ఉన్న ఆష్‌బర్న్‌హామ్ హౌస్ తగలబడినప్పుడు పేజీల అంచులు మాడాయి, ఆ తర్వాత అక్షరాలు రాలిపోతూ వచ్చాయి. 1787 ప్రాంతంలో ఐస్‌లాండు పండితుడు థోర్కెలిన్ సంపాదించిన నకళ్లు ఉండబట్టి కొన్ని దక్కాయి. అచ్చుప్రతిలో చదరపు బ్రాకెట్లు కనిపిస్తే అక్కడ ఆగు. అవి సంపాదకులు పూరించిన చోట్లు, వాటి మీద వాదన నిలబెట్టకు.

ఛాసర్ దగ్గర ప్రమాదం ఇంకోలా వస్తుంది. 1348లో ప్లేగు దిగింది, పనివాళ్లు కరువయ్యారు, కూలి పెరగకుండా 1351లో చట్టం తెచ్చారు, 1381లో జనం తిరగబడ్డారు. ఆ ఏడు ఛాసర్ లండన్ నగరద్వారం ఆల్డ్‌గేట్ మీది ఇంట్లోనే కాపురమున్నాడు. ఇంత తెలిశాక ప్రతి పాత్రలోనూ తిరుగుబాటు కనిపిస్తుంది! కానీ కథల్లో అతను దాన్ని పేరెత్తి చెప్పింది ఒక్కచోటే. కోడిపుంజును నక్క ఎత్తుకుపోయే కథలో, వెంటపడ్డ వాళ్ల గోలను ఆ తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జాక్ స్ట్రా మూక అరుపులతో పోలుస్తాడు. అదీ నవ్వులాటగా. ఆ నవ్వు మీద రాయి, మార్కులు అక్కడున్నాయి.

బ్రిటిష్ అంటే ఇంగ్లీషొక్కటే కాదు. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్ర లాటిన్‌లో ఉంది, గొడోదిన్ అనే పాత వీరకావ్యం వెల్ష్‌లో, 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక కొలువుల్లో ఫ్రెంచి. ఒక్కోదాంట్లోంచి కనీసం కొన్ని పేజీలు అనువాదంలోనైనా చదువు.

వ్యాసంలో మొదటి పేరా చరిత్ర, మిగతాదంతా కథాసారం అని విడగొట్టకు. పది పాదాలు ఎత్తిరాసి, వాటికి కావలసినంత చరిత్రే తీసుకురా.

పుస్తకాలకి డబ్బులు పంపుతున్నాను, పుస్తకాలకే సుమా. రాత్రి రెండింటిదాకా ఫోన్లో చదవకు తల్లీ, కళ్లజోడు నంబరు ఇప్పటికే పెరిగింది. మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే.

ఇట్లు,
పెద్దమ్మ