మాత్ర టైంని బట్టే నడక: మా మామగారితో మా అనుభవం

మీ నాన్నగారికి రెండేళ్లుగా పార్కిన్సన్స్ (ఒళ్లు బిగుసుకుని, కదలిక నెమ్మదించే నరాల జబ్బు), ఆ బిగుతు తగ్గి కదలిక రావడానికి ఇచ్చే లెవోడోపా మాత్ర రోజుకి మూడుసార్లు వేస్తున్నారు, వ్యాయామం మొదలుపెడితే మాత్రలు తగ్గించుకోవచ్చా అని కదా మీరడిగింది. నేను డాక్టర్ని కాను. మా మామగారికి ఆరేళ్లుగా ఇదే జబ్బు, ఆయన మాత్రలూ నడకా చూసుకునేది నేనే. నా మాట ఇదీ: వ్యాయామం చేస్తున్నారు కదా అని మాత్ర తగ్గించకండి. మాత్ర టైం చూసుకుని వ్యాయామం పెట్టండి.

మేం మొదట్లో ఇవేమీ చూసుకోలేదు. మామగారు బడిపంతులుగా రిటైరయ్యారు, తెల్లవారుజామున ఐదున్నరకే వాకింగ్ అలవాటు. జబ్బు వచ్చాక కూడా అదే టైంకి పంపేవాళ్లం. రాత్రి వేసిన మాత్ర ప్రభావం అప్పటికి దిగిపోయి ఒళ్లంతా బిగుసుకుని ఉండేది. ఒకరోజు గడప దగ్గర కాళ్లు నేలకి అతుక్కున్నట్టు ఆగిపోయాయి, మనిషి మాత్రం ముందుకి తూలి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆ భయంతో నాలుగు నెలలు గది దాటి రాలేదు. మాత్రలు మునుపటిలాగే పడుతున్నా, మనిషి ఇంకా బిగుసుకుపోయారు. కదలకపోతే ఏమవుతుందో అప్పుడు చూశాం.

తర్వాత ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్ట్ మొట్టమొదట అడిగింది, "మాత్ర ఎన్నింటికి వేస్తున్నారు?" అని. ఇప్పుడు ఆరున్నరకి నీళ్లతో మాత్ర. ఆయనకి అది పని మొదలుపెట్టడానికి ముప్పావుగంట పడుతుంది. ఏడుంబావుకి నడక, ఎనిమిదింటికి టిఫిన్. అంతకుముందు పెసరట్టు తిన్నాకే మాత్ర వేసేవాళ్లం. ఏ మాత్రయినా తిన్నాకే అని మనకో పట్టింపు కదా! పప్పు, గుడ్డు, పెరుగులో ఉండే ప్రొటీన్ పేగుల్లో లెవోడోపాకి అడ్డుపడుతుంది. తిండికి అరగంట ముందో, తిన్న గంటకో వేయమన్నారు మా డాక్టరు. అలాగని పప్పు మానిపించకండి, టైం మారిస్తే చాలు. మాత్ర వేస్తే కడుపులో తిప్పుతుందంటే మేం ఒక బిస్కెట్ ఇస్తాం.

నడకంటే ఊరికే నడవడం కాదు. ఈ జబ్బులో అడుగు చిన్నదైపోతుంది, అది వాళ్లకి తెలియదు. అందుకే మడమ ముందు ఆనించి, చేతులు ఊపుతూ, కావాలని పెద్ద అడుగులు వేయిస్తాం. మొదట్లో పది నిమిషాలే, ఇప్పుడు ఇరవై ఐదు. ఆ తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. ఈ జబ్బులో గొంతు కూడా సన్నబడుతుంది, అందుకని పేపర్లో హెడ్డింగులు గట్టిగా చదువుతారు, పక్కింటివాళ్లకి కూడా వార్తలు తెలిసిపోతాయి. ఇంకో విచిత్రం, గడప దగ్గర ఆగిపోయే మనిషి వాకిట్లో ముగ్గు గీతలు మాత్రం చక్కగా దాటేవారు. కంటికి గీత కనిపిస్తే అడుగు పడుతుందట. బాత్రూం గుమ్మం ముందు పసుపు టేపు అడ్డంగా మూడు వరసలు అంటించాం, అక్కడ ఆగడం చాలా తగ్గింది.

వ్యాయామంతోనే జబ్బు ఆగిందనే వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. 2018లో అమెరికాలో స్పార్క్స్ అని ఒక అధ్యయనం వచ్చింది. ట్రెడ్‌మిల్ మీద గట్టిగా నడిచినవాళ్లలో ఆరు నెలల్లో లక్షణాలు పెద్దగా పెరగలేదు, నిజమే. కానీ అందులో ఉన్న 128 మందీ జబ్బు కొత్తగా తెలిసి, ఇంకా మందులు మొదలుపెట్టనివాళ్లు. మీ నాన్నగారి సంగతి వేరు. ఈ మాత్ర ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకి రావచ్చు కూడా.

దూలగొండి పొడి గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. ఆ గింజల్లో ఉన్నదీ లెవోడోపాయే. డాక్టరుకి చెప్పకుండా కలిపితే డోసు ఎంత పడుతోందో ఎవరికీ లెక్క తెలియదు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. మాత్ర టైం, తిండి టైం, ఎప్పుడు బాగా కదిలారు, ఎప్పుడు బిగుసుకున్నారు, అంతే. మా పుస్తకం చూసి డాక్టరు డోసు పెంచకుండా మధ్యాహ్నం మాత్రని గంట ముందుకి జరిపారు. సాయంత్రం నడక మళ్లీ మొదలైంది.

మీ నాన్నగారికి ఉదయం మాత్ర ఎన్నింటికి, తినకముందా తిన్నాకా? లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయా? తిరిగితే నడక మొదలుపెట్టేముందే డాక్టరుకి చెప్పండి, ఈ మందులకి బీపీ పడిపోవడం ఉంటుంది.