డిశ్చార్జ్ అయ్యాక మందుల విషయంలో ఫార్మసిస్ట్ పాత్ర ఏమిటి?

మందులు రాసేది డాక్టరే కదా, ఇంటికి వచ్చేటప్పుడు ఫార్మసిస్ట్ చేసేదేముంటుంది అని అడిగారు. చాలానే ఉంటుంది. ఆస్పత్రిలో చేరకముందు వాడినవి, లోపల ఇచ్చినవి, డిశ్చార్జ్ చీటీలో రాసినవి, ఈ మూడింటినీ పోల్చి తేడాలు పట్టుకోవడం వాళ్ల అసలు పని. ఒకే మందు రెండు బ్రాండ్ పేర్లతో ఉంటే రోగి తెలియక రెండూ వేసుకుంటారు, పాత స్ట్రిప్ ఇంట్లో ఎలాగూ ఉంటుంది. ఆస్పత్రిలో యాసిడ్ తగ్గడానికి మొదలుపెట్టిన పాంటోప్రజోల్ అవసరం తీరాక కూడా నెలల తరబడి సాగిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో ముందే చెప్పాలి. ఇలాంటివి కనిపిస్తే ఫార్మసిస్ట్ డాక్టరుతో మాట్లాడి సరిచేయిస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మొదలుపెట్టిన మందుల భద్రతా కార్యక్రమంలోని 3 ముఖ్యాంశాల్లో ఆస్పత్రి నుంచి ఇంటికి మారడం లాంటి ఈ దశ ఒకటి.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని, ఏ మందు ఎందుకు ఆపేశారో వివరించి, అర్థమైందో లేదో రోగి చేతే తిరిగి చెప్పించుకోవడం. హడావిడిలో చాలాసార్లు వదిలేసేది ఇదే. కొద్ది రోజులకు ఫార్మసిస్ట్ ఫోన్ చేస్తే తల తిరగడం, డోసు మర్చిపోవడం లాంటివి దాచకుండా చెప్పండి.