పందికొక్కు ఆస్ట్రేలియా ఎలా చేరింది?

ప్రశ్న: వరి కుప్పల దగ్గర పందికొక్కును చూపిస్తే మా అబ్బాయి, ‘ఇది బాండికూట్, ఆస్ట్రేలియాలో కూడా ఉంటుంది’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక రైతు, నరసన్నపేట

జవాబు: మాట మనదే, జంతువు మాత్రం వేరండీ.

ముందు మాట సంగతి. అరచెయ్యి నోటికి దగ్గరగా పెట్టుకుని ‘పంది’ అనండి. చేతికి గాలి పెద్దగా తగలదు. ఇంగ్లీషువాళ్లు ‘పెన్’ అన్నప్పుడు ఫుమ్మని తగులుతుంది. గాలి తగలని మన ‘ప’ వాళ్ల చెవికి ‘బ’లా వినబడుతుంది. అలా పంది బాండి అయింది, కొక్కు కూట్ అయింది. 18వ శతాబ్దం ముగిసేలోగా ఈ మాట ఇంగ్లీషులో స్థిరపడింది. ఆస్ట్రేలియాలో దిగినవాళ్లకు మూతి పొడుగ్గా ఉండి నేల తవ్వే జంతువొకటి కనబడితే, తెలిసిన పేరే దానికీ తగిలించేశారు.

అది ఎలుక కాదు, కంగారూలాగా సంచిజీవి. సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి ముందుకాళ్లతో తవ్వేటప్పుడు మట్టి పిల్లల మీద పడదు. కొన్ని రకాల్లో గర్భం పన్నెండు రోజుల పైచిలుకే! ఎక్కువగా పురుగూ పుట్రా, దుంపలూ తింటుంది. వెన్నులు కొరికి బొరియలో దాచుకునే దొంగబుద్ధి మన కొక్కుదే.

1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త మన పందికొక్కుల ప్రజాతికే ‘బాండికోటా’ అని పేరు పెట్టాడు. శాస్త్రం దగ్గర మాత్రం పేరు అసలు హక్కుదారుకే దక్కిందన్నమాట. చివర ‘ఆ’ చేరి లాటిన్‌లో స్త్రీలింగమైంది, అందుకే పెద్ద రకం ‘బాండికోటా ఇండికా’, ఇండికస్ కాదు. పొలాల్లో తరచూ కనబడేది ‘బాండికోటా బెంగాలెన్సిస్’. నివారణ పద్ధతుల కోసం ఫోన్‌లో వెతికేటప్పుడు ఈ పేరే కొట్టండి. ఉత్త ‘బాండికూట్’ అని కొడితే ఆస్ట్రేలియా జంతువును కాపాడే పద్ధతులు వస్తాయి!

ప్రశ్న: గోగునారను వ్యాపారులు ‘బిమ్లి’ అంటారెందుకు?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: భీమునిపట్నం రేవు వల్ల. ఇంగ్లీషు రాతల్లో ఆ ఊరు ‘బిమ్లీపటం’, నార ‘బిమ్లీపటం జూట్’. వాడగా వాడగా తోక ఊడి బిమ్లి మిగిలింది. నిజానికి ఇది జూట్ కాదు, మందార కుటుంబపు మొక్క, హైబిస్కస్ కన్నాబినస్. బయటి దేశాల్లో కెనాఫ్ అంటారు. మెస్తా అన్న పేరుతోనే చిక్కు: దీనికీ, దీని దగ్గరి చుట్టమైన హైబిస్కస్ సబ్దరిఫాకూ రెంటికీ అదే పేరు. విత్తనం కొనేటప్పుడు ఏ మెస్తా అని అడిగి తీసుకోండి.