గేర్‌బాక్స్ మార్చిన మెకానిక్ మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులని సెకండ్ హ్యాండ్‌లో 2014 మోడల్ ఆటోమేటిక్ కారు కొన్నాం. 2023లో గేర్‌బాక్స్ పోయింది. షోరూమ్‌లో లక్షా 85 వేలు అవుతుందన్నారు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ ఒకాయన, స్క్రాప్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్ తెచ్చి 72 వేలకి మార్చేస్తానన్నాడు. 40 వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది నగదు. బిల్లు తీసుకోలేదు. 2023 ఆగస్టు 21న బండి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ చెక్ ఇంజిన్ లైటు ఆరలేదు, రివర్స్ లైట్లు వెలగలేదు. మొన్న మే నెలలో నాన్నగారు తాళం తిప్పగానే బండి ముందుకు దూకి గేటు స్తంభాన్ని గుద్దింది. ఆయన మోకాలికి దెబ్బ తగిలింది. అడిగితే ‘నువ్వు చెయ్యమన్నావు, చేశాను’ అంటున్నాడు. అన్నదమ్ములా చూసుకున్నందుకు ఇలా మోసం చేశాడు. చీటింగ్ కేసు పెట్టి లోపల వేయించాలని ఉంది. ఈ ప్రమాదంలోనే గేర్‌బాక్స్ పోయిందని బీమా క్లెయిమ్ వెయ్యమని మా బావమరిది సలహా. లేదంటే ఎవరికైనా అమ్మేస్తే సరిపోతుందా? ఇంకో మాట, ఆర్టీవో పని తనే చూసుకుంటానని అప్పట్లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ పాత ఫోను ఇప్పుడు బావమరిది వాడుతున్నాడు. (ఒక పాఠకుడు, 2025 జూన్)

జవాబు: ఇరవై ఏళ్ళ స్నేహం గురించి అంత రాశారు. మీ కేసుని తేల్చే సంగతిని మాత్రం ‘ఇంకో మాట’ అని చివర్లో తగిలించారు. ఆ వాయిస్ మెసేజ్ ఉంటే మీకు కేసు ఉంది. లేకపోతే మీరు వినియోగదారుల కమిషన్ మెట్లెక్కేసరికి అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు.

ఆ ప్రశ్న ఇది: ‘చట్టం ఒప్పుకోని పని మీరే చేయించుకుని, అది సరిగా చెయ్యలేదని ఫిర్యాదు చేస్తారా?’ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. ఆ తరవాత వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి ఐదు వేలు జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వెయ్యొచ్చు. యజమానికి అన్నాను, గమనించండి. అంటే మీకు.

‘ఆర్సీలో గేర్‌బాక్స్‌కి వేరే గడి లేదు కదా’ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నిజమే, లేదు. ఆ వాదన నేనూ చేస్తాను, తప్పనిసరైతే. కానీ మీ ఆర్సీ తీసి మోడల్ పేరు చూడండి. చాలా కార్లకి వేరియంట్ పేరులోనే ఏటీ అనో, ఏఎంటీ అనో, సీవీటీ అనో ఆటోమేటిక్ రకం ఉంటుంది. అక్కడ లేకపోయినా, ఛాసిస్ నంబరు కొడితే ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఏ గేర్‌బాక్స్‌తో బయటికొచ్చిందో కంపెనీ కంప్యూటర్ చెప్పేస్తుంది. ఆ వాదన మీద కేసంతా నిలబెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడే ఆ వాయిస్ మెసేజ్ విలువ. అనుమతి సంగతి తనదేనని ఆయన ఒప్పుకున్నట్టయితే, మీరు తెలిసి తప్పు చేయించుకున్నవారు కారు. వృత్తిలో ఉన్న మనిషి మాట నమ్మిన వినియోగదారు. ఒప్పుకున్న పని సగం వదిలేయడం సేవాలోపం. ఇంత ముఖ్యమైన ఫోనుని బావమరిదికి ఇచ్చి ఊరుకున్నారంటే ఏమనాలి? ఈ పూటే వెళ్ళి తెచ్చుకోండి. మెసేజ్‌ని వేరే ఫోనుకి ఫార్వర్డ్ చేసి అసలుది చెరిపెయ్యకండి. రీసెట్ చెయ్యకండి, వాట్సాప్ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. ఆ మెసేజ్‌కి ముందూ వెనకా నడిచిన మాటలన్నీ తేదీలు కనపడేలా స్క్రీన్‌షాట్లు తియ్యండి. మీ లాయరుతో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద తయారు చేయించుకోండి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యాల చట్టాన్ని అంత బిగించి చూడరు గానీ, అవతలివాడు ‘గొంతు నాది కాదు’ అన్న రోజున అది అక్కరకొస్తుంది. ఆ మాటల్లో ‘ఎవరికీ తెలీదులే’ లాంటిది మీరే ఏదైనా రాసి ఉంటే, అదీ మీ లాయరుకి ముందే చూపించండి. మీరు దాచినా అవతలివాడి ఫోనులో అది అలాగే ఉంటుంది.

చీటింగ్ కేసు మాట వదిలెయ్యండి. 2023లో జరిగింది కాబట్టి పాత ఐపీసీ 420 వర్తిస్తుంది. దానికి డబ్బు తీసుకునే నాటికే మోసం చెయ్యాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. ఆయన గేర్‌బాక్స్ తెచ్చాడు, బిగించాడు, బండి దాదాపు రెండేళ్ళు నడిచింది. పని చెడగొట్టడం వేరు, మోసం వేరు. స్టేషన్ చుట్టూ తిరిగితే మీకు పోయేది డబ్బు కాదు, గడువు.

గడువు అంటే వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69: కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు. గేటుకి గుద్దిన రోజు నుంచి లెక్కేసుకుని ఇంకా బోలెడు టైముందనుకోకండి. లైట్లు మొదటి రోజు నుంచే పనిచెయ్యలేదని మీరే రాశారు. అందుకని ఫిర్యాదు 2025 ఆగస్టు 20లోపు పడాలి. నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందన్న భ్రమ చాలామందికి ఉంది, పెరగదు. గుంటూరు పొగాకు వ్యాపారులు కందిమళ్ళ రాఘవయ్య అండ్ కో కేసు చూడండి. 1988లో గోడౌన్ కాలింది. బీమా కంపెనీకి ఉత్తరాలు రాసుకుంటూ ఏళ్ళు గడిపి, తరవాత కమిషన్‌కి వెళ్ళారు. నష్టం ఎంతన్నది అటుంచి, గడువు దాటిందని 2009లో సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ దానికి గట్టి కారణం కావాలి. ‘స్నేహితుడే కదా అని ఊరుకున్నాను’ అన్నది కారణం కిందికి రాదు.

ఇక మీ బావమరిది సలహా. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో అంత ప్రమాదం. సర్వేయరు బానెట్ ఎత్తిన ఐదు నిమిషాల్లో ఆటోమేటిక్ బండిలో మాన్యువల్ గేర్‌బాక్స్ కనపడుతుంది. అప్పుడు పోయేది క్లెయిమ్ ఒక్కటే కాదు. అబద్ధపు క్లెయిమ్ వేసినందుకు, మీరు మెకానిక్ మీద పెట్టాలనుకున్న చీటింగ్ కేసు మీ మీదే పడుతుంది. ఆ క్లెయిమ్ ఫారంలో మీరు పెట్టిన సంతకమే కమిషన్‌లో మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. గేర్‌బాక్స్ 2023లో చెడిందని ఒకచోట, 2025 ప్రమాదంలో పోయిందని ఇంకోచోట చెప్పిన మనిషిని ఎవరు నమ్ముతారు? బంపర్ సొంత డబ్బుతో బాగుచేయించుకుని, ఆ బిల్లూ నాన్నగారి ఆసుపత్రి బిల్లులూ ఫిర్యాదులో నష్టం కింద చూపించండి. మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. అది తేలేదాకా బండి రోడ్డెక్కించకండి.

బంపర్ తప్ప బండిలో మరేదీ ముట్టుకోకముందే పరీక్ష చేయించాలి. బంపర్‌ని కూడా ముందు ఫొటోలు తీసుకున్నాకే విప్పించండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్కానింగ్ పెట్టించి ఫాల్ట్ కోడ్ల ప్రింటు తీసుకోండి. ఇంజిన్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఇప్పటికీ పాత ఆటోమేటిక్ కంట్రోలర్ నుంచి కబురు కోసం చూస్తూ ఉంటే లైటు ఆరదు. మెకానిక్ ఈసీయూ పని చెయ్యనేలేదనడానికి ఆ కాగితం చాలు. బండి దూకిన విషయంలో మాత్రం మీరు బలహీనంగా ఉన్నారు. ‘గేరులో పెట్టి, క్లచ్ నొక్కకుండా తాళం తిప్పితే చాలా మాన్యువల్ బళ్ళు దూకుతాయి, తప్పు పెద్దాయనది’ అంటారు, అనడంలో అర్థమూ ఉంది. ఆటోమేటిక్‌లో పార్క్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ ఉంటేనే స్టార్టవుతుంది. వేరే గేరులో స్టార్టవకుండా ఆపే ఆ స్విచ్ వైర్లు కలిపేసి వదిలేశాడా, అదే మోడల్ మాన్యువల్ బండికి క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యేలా కంపెనీ క్లచ్ స్విచ్ ఇస్తే అది ఎందుకు పెట్టలేదు? ఈ రెంటికీ జవాబు రాసివ్వగల ఆటోమొబైల్ ఇంజినీరునో, లైసెన్సున్న సర్వేయరునో పట్టుకుని, రిపోర్టుతో పాటు అఫిడవిట్ కూడా తీసుకోండి.

బిల్లు లేదన్నారు. 72 వేల పనికి బిల్లు అడగడానికి మొహమాటం ఏమిటి? పోనీ, ఫోన్‌పే వివరాలున్నాయి. మిగతా 32 వేలకి ఆ వారంలో బ్యాంకు నుంచి తీసినట్టు స్టేట్‌మెంటు తెచ్చుకోండి. పాత గేర్‌బాక్స్ ఎక్కడుందో మీరు రాయలేదు. అది మీ ఆస్తి. స్క్రాప్‌కి అమ్ముకుని ఉంటే ఆ సొమ్మూ ఆయన లెక్క చెప్పాలి.

స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపి, గడువు కాగానే మీ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వెయ్యండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వెయ్యొచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. 72 వేలు వాపసు, బండిని మొదటి స్థితికి తెచ్చే ఖర్చు, వైద్యం, ఖర్చులు, మానసిక వేదనకి సబబైన మొత్తం అడగండి. పది లక్షలు రాసి నవ్వులపాలు కావద్దు. ఒకవేళ ఆగస్టు దాటిపోతే, ఒప్పందం తప్పినందుకు సివిల్ కోర్టులో దావాకి మూడేళ్ళు, అంటే 2026 ఆగస్టు దాకా ఉంది. కోర్టు ఫీజు కట్టాలి, ఆలస్యమూ ఎక్కువే.

ఈలోగా ఆర్టీవో ఆఫీసుకి జరిగింది జరిగినట్టు రాసి, ఏం చెయ్యమంటారో అడగండి. మార్పుని ఒప్పుకోం, పాత స్థితికి తెమ్మని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రాసిస్తే, ఆ కాగితం కూడా ఫిర్యాదుకి జత చెయ్యండి. జరిమానా వెయ్యొచ్చు, కట్టండి. విషయం దాచి అమ్మితే కొన్నవాడు రేపు మీ మీదే కమిషన్‌కి వెళ్తాడు. చెప్పి అమ్మాలన్నా ఆర్సీ సంగతి తేలకుండా పేరు మార్పు దగ్గర చిక్కొస్తుంది. కాబట్టి ఇప్పుడు అమ్మకం వద్దు.

నోటీసు అందగానే మెకానిక్ మనుషుల్ని పంపి రాజీకి రావచ్చు. డబ్బిస్తానంటే తీసుకోండి, తప్పేం లేదు. ఎంత, ఎప్పటిలోగా అన్నది కాగితం మీద రాయించుకోండి. కేసు వేశాక అయితే కమిషన్ ద్వారానే మీడియేషన్‌కి పంపమని అడగండి. చెక్కు ఇస్తే, అది క్లియరయ్యేదాకా ఉపసంహరణ మెమో మీద సంతకం పెట్టకండి.